మూడు పాసుబుక్కులు, ఒక తాళంచెవి

బరంపురంలో మా పెద్దమ్మగారి ట్రంకుపెట్టెలో, పట్టుచీరల మడతల అడుగున, మూడు పాసుబుక్కులు ఉన్నవి. మొదటిది పెదనాన్నగారి రైల్వే ఉద్యోగం తాలూకు కుటుంబ పింఛను పడే ఖాతా. అది ఆ ఊళ్లోనే ఉన్నది. రెండవది ఇచ్ఛాపురంలోది. ఆవిడకు పుట్టింటివారు పసుపుకుంకుమల కింద ఇచ్చిన ఎకరంన్నర పొలం తాలూకు కౌలు ఏటా సంక్రాంతి వెళ్లిన తరువాత అందులో జమ అవుతుంది. మూడవది బెంగుళూరులోది. కొడుకు దగ్గర రెండేళ్లు ఉన్న రోజుల్లో తల్లీకొడుకుల పేరిట తెరిచినది.

మన కుటుంబాల్లో ఇది వింతేమీ కాదు. తరాల కిందట ఉద్యోగమో, వర్తకమో, మగ్గమో పట్టుకొని పొలిమేర దాటి వచ్చినవాళ్లం. షోలాపురంలో కాపురమున్న వారికి తెలంగాణలో పొలం ఉంటుంది. హోసూరులో ఉన్న వారికి చిత్తూరులో ఇల్లు ఉంటుంది. తాతగారు యానాంలో ఉంటే మనుమడు పుదుచ్చేరిలో ఉద్యోగం చేస్తూ ఉంటాడు. మనుషులు ఎన్ని చోట్ల ఉంటే ఖాతాలు అన్ని చోట్ల.

చిక్కల్లా ఎక్కడ వస్తుందంటే, పింఛను ఖాతాలో పైకం నిండుకున్న నెలలో ఇచ్ఛాపురం ఖాతాలో ఎంత ఉన్నదో పెద్దమ్మకు తెలియదు. తెలిసినా, అది ఇక్కడికి రావాలంటే ఎవరో ఒకరు బస్సెక్కి వెళ్లాలి. రెండేళ్ల కిందట దసరాకు నేను వెళ్లినప్పుడు ఆవిడ ఆ మూడు పుస్తకాలూ నా ముందు పెట్టి, "ఒరే నాయనా, ఈ మూడింటికీ ఒక ముడి వెయ్యరాదూ?" అన్నది. "అలాగే పెద్దమ్మా, సంక్రాంతికి వచ్చినప్పుడు చూద్దాంలే" అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నొచ్చుకుంటున్నాను.

సంక్రాంతి దాకా ఆవిడ ఆగలేదు. పక్కింటి కుర్రవాడు మంచి ఉద్దేశంతోనే ఆవిడ ఫోనులో ఒక యాప్ పెట్టాడు. "అన్ని బ్యాంకుల ఖాతాలూ ఒక్కచోట" అని దాని ప్రకటన. అది బ్యాంకు లాగిన్ పేరు అడిగింది, చెప్పారు. పాస్‌వర్డ్ అడిగింది, చెప్పారు. ఫోనుకు వచ్చే సందేశాలు చదువుకోవడానికి అనుమతి అడిగింది, ఇచ్చారు. రెండు వారాలు మూడు ఖాతాల నిల్వలూ ఒకే తెర మీద ముచ్చటగా కనబడ్డాయట. మూడో వారంలో ఒక రాత్రి పింఛను ఖాతా నుంచి నలభైఆరు వేల రూపాయలు ముక్కూ మొహం తెలియని ఖాతాకు వెళ్లిపోయాయి. సందేశం వచ్చింది గాని ఆవిడ చూడలేదు. అయిదు రోజుల తరువాత పాసుబుక్కు అచ్చు వేయించుకున్నప్పుడు సంగతి బయటపడింది.

నేను వెళ్లి బ్యాంకు అధికారిని కలిశాను. ఆయన మర్యాదగానే మాట్లాడాడు. "అయ్యా, తలుపు బద్దలు కొట్టారంటే అది ఒక దారి. తాళంచెవి మనమే ఇచ్చామంటే అది మరొక దారి" అన్నాడు. 2017 జూలై 6న రిజర్వు బ్యాంకు జారీ చేసిన ఉత్తర్వు చూపించాడు. దాని సారాంశం ఇది: బ్యాంకు తప్పూ ఖాతాదారు తప్పూ లేకుండా వెలుపలి మోసం వల్ల సొమ్ము పోతే, కబురు అందిన మూడు పనిదినాల్లో బ్యాంకుకు తెలిపిన ఖాతాదారుకు నష్టం ఉండదు. కాని పాస్‌వర్డ్ వంటి రహస్యాన్ని ఖాతాదారే మరొకరికి ఇచ్చినందువల్ల సొమ్ము పోతే, బ్యాంకుకు తెలిపే క్షణం వరకు జరిగిన నష్టమంతా ఖాతాదారుదే. తెలిపిన తరువాత జరిగేది మాత్రమే బ్యాంకుది.

పోయిన సొమ్ము తిరిగి రాలేదు. ఇంటికి వచ్చాక పెద్దమ్మను గట్టిగా ఏమీ అనలేకపోయాను. "నువ్వు తీరిక లేనివాడివి. ప్రతిదానికీ ఒకరి మొహం చూడాలా అనిపించింది" అన్నది ఆవిడ. పెద్దవాళ్లు మోసపోయేది ఆశ వల్లనే అనుకుంటాము. ఒకరికి బరువు కాకూడదన్న అభిమానం వల్ల కూడా మోసపోతారు.

ముడి ఎవరు వెయ్యాలి?

పూర్వం మన వర్తకులు దూరదేశాలకు పైకం పంపాలంటే హుండీ రాసేవారు. నడుమ ఒక షావుకారు ఉండేవాడు. కాని ఆ షావుకారు ఇల్లు తెలుసు, వంశం తెలుసు, మాట తప్పితే బజారులో తలెత్తుకోలేడనీ తెలుసు. ఇప్పుడు ఫోనులో దూరే మధ్యవర్తికి ఇల్లూ లేదు, బజారూ లేదు. అందుకని మొదట అడగవలసిన ప్రశ్న, ఈ పనికి అసలు మధ్యవర్తి అవసరమా అని.

అవసరం లేదు. ఈ సంగతి పెద్దమ్మకు సొమ్ము పోయాక గాని నేను కూర్చొని నేర్చుకోలేదు. ఖాతాలను కలపడమంటే మూడు వేర్వేరు పనులు: ఏ ఖాతాలో ఎంత ఉన్నదో చూసుకోవడం, ఒకదాని నుంచి మరొకదానికి పైకం పంపుకోవడం, మనకు చేతకానినాడు మనవాళ్లు దాన్ని అందుకొనే ఏర్పాటు చేయడం. ఈ మూడింటికీ బ్యాంకులోనే మార్గాలున్నవి.

మొదటి మెట్టు: ఒకే ఫోను నంబరు

మూడు ఖాతాలకు మూడు నంబర్లు ఉన్నవి. ఇచ్ఛాపురం ఖాతాకు ఎప్పుడో చాలించుకున్న పెదనాన్నగారి నంబరు, బెంగుళూరు ఖాతాకు మా తమ్ముడి నంబరు. ఖాతాలు విడివిడిగా ఉండిపోవడానికి అసలు కారణం ఇదే. పెద్దమ్మను వెంటబెట్టుకొని ఇచ్ఛాపురం వెళ్లి, గుర్తింపు కాగితాలతో అర్జీ ఇచ్చి ఆవిడ నంబరు రాయించాను. బెంగుళూరు ఖాతా సంగతి, తమ్ముడు సెలవుకు వచ్చినప్పుడు అదే బ్యాంకు బరంపురం శాఖలో తల్లీకొడుకులిద్దరూ సంతకాలు చేసి పూర్తి చేశారు.

నంబరు ఒకటైతే ఏమి లాభమంటే, ఏ ఖాతాలో పైసా కదిలినా కబురు ఆ ఒక్క ఫోనుకే వస్తుంది. అంతకంటె ముఖ్యం, యూపీఐ పద్ధతిలో ఖాతాలు కలిసేది ఆ నంబరు ఆధారంగానే. ఈ పద్ధతిని 2016లో నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ ప్రారంభించింది. రిజర్వు బ్యాంకు, దేశంలోని బ్యాంకుల సంఘం కలిసి 2008లో నెలకొల్పిన సంస్థ అది. ఇందులో చేరడానికి ఎవరో ప్రయివేటు కంపెనీ యాప్ పెట్టుకోనక్కరలేదు. ఖాతా ఉన్న బ్యాంకు సొంత యాప్ చాలు. లేదా ఆ కార్పొరేషన్ వారి తరఫునే 2016 డిసెంబరు 30న వెలువడిన భీమ్ యాప్ ఉన్నది. అది తెలుగులో కూడా పనిచేస్తుంది.

ఇది పనిచేసే తీరు తెలుసుకుంటే మోసాన్ని పట్టుకోవడం సులువవుతుంది. యాప్ తెరవగానే మన ఫోను నుంచి ఒక సందేశం తనంతట తాను వెళ్లి, ఈ నంబరు ఈ ఫోనులోనే ఉన్నదని రుజువు చేస్తుంది. ఆ తరువాత మనం బ్యాంకు పేరు ఎంచుకుంటే, ఆ నంబరు మీద అక్కడ ఖాతా ఉన్నదా అని విచారణ జరుగుతుంది. ఉంటే ఖాతా చివరి అంకెలు కనబడతాయి. పిన్ పెట్టుకోవడానికి డెబిట్ కార్డు చివరి ఆరు అంకెలు, దాని గడువు తేదీ, ఫోనుకు వచ్చే ఓటీపీ కావాలి. కార్డు లేనివారికి ఆధార్ మీద వచ్చే ఓటీపీతో చేసే వీలు కూడా ఉన్నది. ఈ మొత్తం తతంగంలో ఇంటర్నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్ ఒక్కసారి కూడా రాదు. ఖాతా కలపడానికి పాస్‌వర్డ్ కావాలని అడిగినది ఏదైనా సరే, అక్కడే ఆగిపోవాలి.

ఇలా మూడు ఖాతాలూ ఒకే తెర మీదికి వచ్చాయి. ఒక్కొక్కదానికి ఒక్కొక్క పిన్. ఏ ఖాతాకు ఆ ఖాతా పిన్ కొట్టి నిల్వ చూసుకోవచ్చు, ఒకదాని నుంచి మరొకదానికి పంపుకోవచ్చు. పిన్ కొట్టేది పైకం పంపడానికీ, నిల్వ చూడడానికీ మాత్రమే. "మీకు డబ్బు వస్తుంది, పిన్ కొట్టండి" అన్నవాడు దొంగ.

ఇంటర్నెట్ లేని మామూలు ఫోను వాడే పెద్దలు కూడా నిరాశ పడనక్కరలేదు. *99# అని కొట్టి డయల్ చేస్తే నిల్వ చూడడం, పైకం పంపడం ఆ ఫోనులోనే జరుగుతాయి. దేశమంతటా ఈ ఏర్పాటు 2014 ఆగస్టులో వచ్చింది. దానికి కూడా ఫోను నంబరు ఖాతాకు చేరి ఉండాలి, యూపీఐ పిన్ ఉండాలి.

రెండవ మెట్టు: పాత పద్ధతి, గట్టి పద్ధతి

ఫోను మీద నమ్మకం పోయినవారు ఉంటారు. మా పెద్దమ్మ కొన్నాళ్లు దాన్ని ముట్టుకోనే లేదు. అటువంటివారికి నెఫ్ట్ ఉన్నది. ఇది రిజర్వు బ్యాంకు వారే 2005 నవంబరు నుంచి నడుపుతున్న మార్గం. దీనికి బ్యాంకు కిటికీ దగ్గర కాగితం రాసి ఇచ్చినా చాలు, బ్యాంకు సొంత వెబ్‌సైటులో చేసుకున్నా చాలు. దేశంలోని బ్యాంకులు ఇచ్చిన పద్దులను అరగంటకొక విడతగా పోగుచేసి సర్దుతారు. రోజుకు నలభైఎనిమిది విడతలు. 2019 డిసెంబరు 16 నుంచి ఆదివారం, పండుగ అనే తేడా లేకుండా రేయింబవళ్లు నడుస్తున్నది. పొదుపు ఖాతాదారులు ఇంటర్నెట్ ద్వారా చేసుకుంటే 2020 జనవరి నుంచి బ్యాంకులు రుసుము తీసుకోవడం లేదు. పొలమో స్థలమో అమ్మి, రెండు లక్షలూ ఆ పైన పంపవలసి వస్తే ఆర్‌టీజీఎస్ ఉన్నది. అది విడతల కోసం ఆగకుండా అప్పటికప్పుడే వెళ్తుంది.

పైకం అందవలసిన ఖాతాగా మన రెండో ఖాతానే ఒకసారి నమోదు చేసుకుంటే, ఆ రెండింటి నడుమ వంతెన కట్టినట్టే. ఇక్కడ రెండు జాగ్రత్తలు.

మొదటిది ఖాతా అంకెలు. నెఫ్ట్‌లో పైకం జమ అయ్యేది ఖాతా నంబరును బట్టి. పేరును బట్టి కాదు. ఒక అంకె తారుమారైతే, ఆ నంబరుతో మరొకరి ఖాతా ఉంటే, పైకం అక్కడికి పోతుంది. ఈ బాధ తగ్గించడానికి, పంపేముందే ఆ ఖాతా ఎవరి పేర ఉన్నదో చూపించే సదుపాయం 2025 ఏప్రిల్ 1 నాటికి కల్పించాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. పేరు చూసి, సరిపోయాకనే పంపాలి. అంతటితో ఆగక మొదట ఒక్క రూపాయి పంపి, అది చేరినట్టు రెండో పాసుబుక్కులో కనబడ్డాక మిగతాది పంపాలి.

రెండవది ఐఎఫ్‌ఎస్‌సీ. ఇది బ్యాంకు శాఖకు చిరునామా వంటిది. మొత్తం పదకొండు గుర్తులు. మొదటి నాలుగు అక్షరాలు బ్యాంకువి, అయిదవది సున్న, చివరి ఆరూ శాఖవి. ఒక బ్యాంకు మరొక బ్యాంకులో కలిసినప్పుడు ఈ చిరునామా మారుతుంది. మనవారికి ఇది దగ్గరి సంగతి. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. ఏఎన్‌డీబీ అని మొదలయ్యే పాత గుర్తులు 2021 ఏప్రిల్ 1 నుంచి చెల్లకుండా పోయాయి. 2017లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాదు, స్టేట్ బ్యాంక్ ఆఫ్ మైసూరు స్టేట్ బ్యాంకులో కలిశాయి. విజయా బ్యాంకు 2019లో, సిండికేట్ బ్యాంకు 2020లో వేరే బ్యాంకులలో చేరాయి. పాత పాసుబుక్కు అట్ట మీద అచ్చయిన గుర్తును నమ్మకుండా, శాఖలో అడిగి కొత్తది రాసుకోవాలి.

నెలనెలా జరగవలసిన పని అయితే "స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్" అని ఒకటి ఉన్నది. ఫలానా తేదీన ఈ ఖాతా నుంచి ఆ ఖాతాకు ఇంత పంపవలసిందని బ్యాంకుకు ఒకసారి రాసి ఇస్తే, మనం మానమనే దాకా వాళ్లే పంపుతూ ఉంటారు. ఒకే బ్యాంకులోని రెండు ఖాతాల నడుమ ఇది చాలా తేలిక. వేరే బ్యాంకుకు పంపే వీలును, రుసుమును మీ శాఖలో అడిగి తెలుసుకోవాలి.

అనుమతి వేరు, తాళంచెవి వేరు

ఇంత చెప్పాక ఒక మాట న్యాయంగా చెప్పాలి. నడుమ ఉండేవారందరూ దొంగలు కారు. రిజర్వు బ్యాంకు 2016లో నియమాలు చేసి, లైసెన్సు ఇచ్చి నడిపిస్తున్న "అకౌంట్ అగ్రిగేటర్" అనే సంస్థలు 2021 నుంచి పనిచేస్తున్నాయి. మన అనుమతి మీద ఒక బ్యాంకులోని లెక్కల వివరాలను మరొక బ్యాంకుకు చేరవేయడం వాటి పని. అవి పైకం కదపలేవు. చేరవేసే వివరాలను తాము చదవనూ లేవు. ఏ పనికి, ఎంతకాలం అన్నది మనం చూసి ఒప్పుకోవాలి. ఇష్టం లేనప్పుడు ఆ అనుమతిని రద్దు చేయవచ్చు. ఇవి బ్యాంకు పాస్‌వర్డ్ అడగవు. కొన్ని బ్యాంకులు తమ సొంత యాప్‌లోనే ఇతర బ్యాంకుల నిల్వలు చూపించేది ఈ దారినే. అప్పు కావలసినవారికి, ఎన్నో ఖాతాలున్న వర్తకులకు ఇది పనికివస్తుంది. మూడు పాసుబుక్కుల పెద్దమ్మకు అక్కరలేదు. ఉత్తరాన్ని మూసిన కవరులో అందించే తపాలా మనిషికీ, ఇంటి తాళంచెవి అడిగే మనిషికీ ఎంత తేడా ఉన్నదో, ఈ రెండింటికీ అంత తేడా ఉన్నది.

మూడవ మెట్టు: మన తరువాత

కలపని ఖాతా మరుపున పడుతుంది. రెండేళ్లకు పైగా ఖాతాదారు ఏ లావాదేవీ చేయకపోతే బ్యాంకు దాన్ని నిద్రాణ ఖాతాగా లెక్కిస్తుంది. పదేళ్లు ఎవరూ అడగని నిల్వలు రిజర్వు బ్యాంకు వద్దనున్న నిధికి వెళ్తాయి. వెళ్లినా హక్కు పోదు. ఖాతాదారుగాని వారసులుగాని బ్యాంకు ద్వారా అడిగి తెచ్చుకోవచ్చు. తాతముత్తాతల పేర అటువంటివి ఉన్నాయేమో వెదకడానికి రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో "ఉద్గమ్" అనే వెబ్‌సైటు తెరిచింది.

అంతదాకా రానివ్వకుండా ప్రతి ఖాతాకూ నామినీని రాయించాలి. 2025 నవంబరు 1 నుంచి ఒక డిపాజిట్ ఖాతాకు నలుగురి వరకు నామినీలను పెట్టుకోవచ్చు. ఉమ్మడి ఖాతా అయితే, ఇద్దరిలో ఎవరైనా, లేదా బ్రతికి ఉన్నవారు నడుపుకొనేటట్టు రాయించుకోవడం మేలు. నామినీ అంటే పైకం అందుకొనే మనిషి అనే గాని, దానికి ఏకైక వారసుడని అర్థం కాదన్నది కూడా ఇంట్లో అందరికీ ముందే చెప్పి ఉంచాలి. లేకపోతే అన్నదమ్ముల మధ్య అనవసరమైన మాటలు వస్తాయి.

పెద్దమ్మ చిట్టా

ఇప్పుడు ఆ ట్రంకుపెట్టెలో పాసుబుక్కులతోబాటు ఒక చిన్న నోటుపుస్తకం ఉన్నది. చిట్టా, ఆవర్జా రాసే ఇంట్లో పుట్టిన మనిషి కాబట్టి ఆవిడకు అది కొత్త కాదు. అందులో ప్రతి ఖాతాకూ ఒక పేజీ: బ్యాంకు పేరు, శాఖ, ఖాతా చివరి నాలుగు అంకెలు, కొత్త ఐఎఫ్‌ఎస్‌సీ, నామినీ పేరు, చివరిసారి అచ్చు వేయించిన తేదీ. పిన్‌లు, పాస్‌వర్డ్‌లు అందులో లేవు. అట్ట లోపలి వైపున పెద్ద అక్షరాలతో 1930 అని రాసుకున్నది. సొమ్ము పోయిందని తెలిసిన క్షణంలోనే ఫోను చేయవలసిన సర్కారు వారి సైబరు నేరాల నంబరు అది. ఎంత త్వరగా చేస్తే, పోయిన పైకాన్ని నడుమ ఆపడానికి అంత అవకాశం. ఆ మాట మాకు తెలిసి ఉంటే ఆ అయిదు రోజులు వృథా అయ్యేవి కావు.

మొన్న సంక్రాంతి వెళ్లిన వారానికి పెద్దమ్మ ఫోను చేసింది. కౌలు ఇచ్ఛాపురం ఖాతాలో పడిందట. అక్కడి నుంచి బరంపురం ఖాతాకు ముందు ఒక్క రూపాయి పంపిందట. పాసుబుక్కులో చూసుకున్నదాకా ఆగి, తరువాత మిగతా పైకం పంపిందట. నన్ను అడగలేదు, పక్కింటి కుర్రవాణ్ణీ పిలవలేదు.

"రూపాయి చేరిందిరా" అన్నది. "ముడి పడింది."

ఈ పుట చదివిన సోదరీసోదరులకు నా మనవి ఒక్కటే. మీ ఇంట్లో పెద్దవాళ్లెవరైనా పాసుబుక్కులు ముందు పెట్టుకొని పిలిస్తే, పండుగకు చూద్దామని వాయిదా వేయకండి. పక్కన కూర్చొని దారి చూపండి. మీట నొక్కే పని మాత్రం వారి చేతికే వదిలిపెట్టండి.